బూరుల్ ఎజె గురువారం పండగలు

డిసెంబరు నెల రెండో గురువారం పొద్దున పదకొండు గంటలకు, కిర్గిజ్ కొండల్లోని ఆక్‌బులాక్ ఊరి గ్రంథాలయంలో గుమ్మం పక్కన నాలుగు జతల బుల్లి బూట్లే ఉన్నాయి. ముందటి వారం పదిహేడు జతలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఏ ఎడమది ఏ కుడిదానితో కలవాలో తెలియక, ఇంటికెళ్ళే వేళకు పెద్ద రగడ అయింది. ఇవాళ నాలుగూ బుద్ధిగా గోడకు ఆనుకుని ఉన్నాయి. గ్రంథాలయం నడిపే బూరుల్‌కు ఆ బుద్ధి నచ్చలేదు.

పొయ్యిలో మరో రెండు బొగ్గు పెళ్ళలు వేసింది. కిటికీ అద్దం మీద మంచు తుడిచి దారి వంక చూసింది. ఎవరూ రావడం లేదు.

"మొదలుపెట్టవా ఎజె?" అంది ఐదాయ్ అనే పిల్ల. ఎజె అంటే అక్క. బూరుల్‌కు అరవై నిండాయి, కూర్చుని లేస్తే మోకాళ్ళు కిర్రుమంటాయి, అయినా ఊళ్ళో అందరికీ, అయిదేళ్ళ వాళ్ళకు కూడా, ఆమె అక్కే.

"మిగతా వాళ్ళు రానీ నా గుర్రప్పిల్లా."

"వాళ్ళు రారు. సులేమాన్ వాళ్ళ నాన్న పంపొద్దన్నాడంట. కొత్త సంవత్సరానికి బహుమతులు తెచ్చే మంచుతాత ఉత్తుత్తి అంట. ఉత్తుత్తి వాళ్ళను నమ్మితే పాపమంట. మా అమ్మేమో నేను ఇంట్లో ఉంటే ఇల్లు పీకి పందిరేస్తానని నన్ను పంపేసింది."

బూరుల్ కొత్త సంవత్సరం బొమ్మల పుస్తకం తీసి గుండెకు ఆనించి పట్టుకుంది. పదిహేడు మందికి చదివే గొంతుతోనే ఆ నలుగురికీ చదివింది.

ఇరవై రెండేళ్ళ వయసులో రాజధానిలో గ్రంథాలయ పని నేర్చుకుని ఈ ఊరికి వచ్చింది బూరుల్. పెద్దవాళ్ళ గదిలో, నిశ్శబ్దంగా, కార్డులు సర్దుకుంటూ బతుకు వెళ్ళిపోతుందని ఆమె ఊహ. కానీ గురువారాల్లో కథలు చదివి వినిపించే పిల్లల మూల ఎవరికీ అక్కర్లేదు గనక కొత్తగా వచ్చిన మనిషి నెత్తిన పడింది. మొదటి గురువారం రేడియోలో వార్తలు చదివినట్టు గడగడా చదివేసింది. ముందు వరసలోని ఒక పిల్ల చెయ్యెత్తి, "ఎజె, నువ్వు మాకు చదువుతున్నావా, పుస్తకానికే చదువుకుంటున్నావా?" అని అడిగింది. గదంతా గొల్లుమంది.

ఆ సాయంత్రం నుంచే అద్దం ముందు సాధన మొదలుపెట్టింది. బొమ్మలు పిల్లల వైపు తిప్పి పట్టుకోవాలి, పై అంచు మీదుగా తొంగిచూస్తూ తలకిందులుగా కనిపించే అక్షరాలు చదవాలి. పైగా ఆ కాలంలో పుస్తకాలన్నీ రష్యన్‌లో. ఊరి పిల్లలకు కిర్గిజ్ తప్ప మరో మాట రాదు. తలకిందుల రష్యన్‌ను కళ్ళతో పట్టుకుని, నోటితో కిర్గిజ్‌లో తిరిగేసి చెప్పడం వంటబట్టడానికి చలికాలమంతా పట్టింది. పాల లారీ డ్రైవరు ఎసెన్ దారిన పోతూ లోపలికి తల పెట్టి, "లారీని రివర్సులో కొండ ఎక్కించినట్టుంది నీ వ్యవహారం" అని వెక్కిరించేవాడు. ఆ ఒక్క మాట అనడానికి రోజూ లారీ ఆపుతున్నాడని, పాలు విరిగిపోతున్నాయని ఊరంతా గుర్తించాక, వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసేశారు.

పిల్లలు అన్నిటికన్నా పండగ పుస్తకాలే అడిగేవాళ్ళు. వాటిలో ఏం జరుగుతుందో వాళ్ళకు ముందే తెలుసు. చెట్టుకు దీపాలు వెలుగుతాయి, మంచుతాత మూట విప్పుతాడు, వసంతంలో నూరుజ్ పండగ నాడు పెద్ద గుండిగలో గోధుమ మొలకల పాయసం ఉడుకుతుంది. అన్నీ తెలిసినా పేజీ తిప్పేముందు ఊపిరి బిగబడతారు. రాబోయే పండగను ముందే ఒకసారి, అయిపోయిన పండగను తిరిగి మరోసారి చేసుకోవడం గురువారాల్లోనే కుదురుతుందని బూరుల్‌కు నెమ్మదిగా అర్థమైంది.

తర్వాత చెడ్డ కాలం వచ్చింది. పాత ప్రభుత్వం కూలింది, ఉమ్మడి పొలాలు ముక్కలయ్యాయి, జీతాలు ఆగిపోయాయి. గ్రంథాలయం గదుల్లో ఎవరిదో బార్లీ నింపారు. పుస్తకాలను పశువుల కొట్టంలోకి విసిరేశారు. పొయ్యి రాజెయ్యడానికి కొందరు, పొద్దుతిరుగుడు గింజలు పొట్లం కట్టడానికి కొందరు పట్టుకుపోతుంటే, బూరుల్ బండకట్టిన మంచులో రెండు బస్తాలు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. ఎసెన్ పరుగున ఎదురొచ్చి మూతి విప్పి చూశాడు.

"రెండు బస్తాల పిండి అనుకుని సంబరపడి చచ్చానే!"

"వీటిని ఉడకబెట్టుకు తిను" అంది బూరుల్.

బొమ్మల పుస్తకాలన్నీ ఆ బస్తాల్లో ఉన్నాయి. ఆ చలికాలం ఆమె ఇంట్లోనే గురువారాలు నడిచాయి. వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ పొయ్యిలోకి ఒక పిడక తేవాలని షరతు. పిడక లేనివాడు పక్కవాడి పిడకలో సగం విరిచి పట్టుకొచ్చేవాడు. వెచ్చగా ఉందని వచ్చే పిల్లలెందరో, కథ కోసం వచ్చే వాళ్ళెందరో ఆమె ఎప్పుడూ విచారించలేదు.

వాళ్ళలో కుబాత్ అని అయిదేళ్ళవాడు ఉండేవాడు. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ దగ్గర పెరుగుతున్నాడు. కొత్త సంవత్సరం పుస్తకంలో ఒక పేజీ నిండా కమలాపండ్లు ఉండేవి. అవేంటో ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. "అది ఎర్ర బంగాళాదుంపా?" అని అడిగాడొకడు. చదవడం అయిపోయి పిల్లలు బూట్లు వెతుక్కుంటుంటే, కుబాత్ ఒక్కడే వెనక ఉండి, పుస్తకం తెరిచి, ఆ పేజీని నాలుకతో నాకడం బూరుల్ చూసింది. ఆమె పొయ్యి వైపు తిరిగి బూడిద లాగుతూ నిలబడింది, వాడు బయటికి వెళ్ళేదాకా.

పై వారం ఎసెన్ రాజధానికి బంగాళాదుంపలు తీసుకెళ్ళి, జేబులో రెండు కమలాపండ్లతో తిరిగొచ్చాడు. పదహారు మంది పిల్లలు, పంతొమ్మిది తొనలు. తొక్కలు పొయ్యి మీద ఆరబెడితే ఇల్లంతా మూడు రోజులు ఆ వాసనే.

ఏళ్ళు గడిచాయి. పంచాయతీ వాళ్ళు ఒక గది ఇచ్చారు. బార్లీ బదులు మళ్ళీ పుస్తకాలు వచ్చాయి, వాటిలో కిర్గిజ్ పుస్తకాలు కూడా ఉన్నాయి. బూరుల్‌కు పింఛను వయసు దాటింది. ఆమె స్థానంలోకి రావడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆమే ఉండిపోయింది. కుబాత్ పెరిగి, ఊరి మొదట్లో కార్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. మనిషి నిండుగా తయారయ్యాడు. గడ్డం పెంచాడు, అయిదు పూటలా నమాజు తప్పడు, మసీదు కట్టేటప్పుడు స్వయంగా ఇటుకలు మోశాడు. వాడి మాటంటే ఊళ్ళో కుర్రాళ్ళకు గురి. అందుకే వాడు కొడుకు సులేమాన్‌ను పంపనంటే, ఇంకో పన్నెండు ఇళ్ళ వాళ్ళు కూడా పంపలేదు.

నలుగురే వచ్చిన ఆ గురువారం మధ్యాహ్నం సూపు తాగుతూ ఎసెన్ అన్నాడు: "మసీదు అరుగు మీద నలుగురూ కూర్చున్నప్పుడు చెప్పు. మంచుతాత పుస్తకాన్ని ఎవడు నాకాడో చెప్పు. ఊరంతా విరగబడి నవ్వుతుంది. దెబ్బకు నోరు మూసుకుంటాడు."

బూరుల్ చెంచా కింద పెట్టింది. "ఆకలేసి పసివాడు చేసిన పని అది. దాన్ని రాయిలా దాచుకుని ఇప్పుడు విసరమంటావా? ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు ముసలోడా."

ఎసెన్ ఎత్తలేదు. బూరుల్ శాలువా కప్పుకుని షెడ్డుకు వెళ్ళింది.

కుబాత్ ఒక కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"బయటికి రారా. నీ బూట్లతో మాట్లాడలేను."

కుబాత్ గబగబా జరిగి బయటికి వచ్చాడు. నూనె చేతులు వెనక్కి పెట్టుకుని, గుండె మీదికి తల వంచి నమస్కరించాడు. "మీరెందుకు వచ్చారు ఎజె, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా."

"నీ కొడుకునే పంపనివాడివి, నువ్వొస్తావా?"

వాడి ముఖం ఎర్రబడింది. "మీ మీద కోపం కాదు ఎజె. దేవుడి సాక్షి. కానీ మంచుతాత ఇస్తాడు, మంచుతాత తెస్తాడు అంటే ఎలా? ఇచ్చేది దేవుడు. పసి బుర్రలో ఆ గడ్డం ముసలాయన కూర్చుంటే..."

"గడ్డం నీకూ ఉందిగా."

కుబాత్ నవ్వాపుకోలేకపోయాడు. మళ్ళీ సర్దుకున్నాడు. "నూరుజ్ కూడా వద్దనే మసీదులో మా వాళ్ళంటున్నారు. మంటల మీద దూకడం అవీ."

బూరుల్ అక్కడున్న పాత టైరు మీద కూర్చుంది. వాడితో వాదించాలని దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. ఒక్కటీ వాడలేదు. "సరే. అయితే మీవాడికి ఏ పండగ చదవను?"

"అయిత్" అన్నాడు కుబాత్ వెంటనే. "ఉపవాసాల నెల అయ్యాక వచ్చే అయిత్ గురించి చదవండి."

"చదువుతాను. పసివాళ్ళ బొమ్మల పుస్తకం దాని మీద నా అరలో లేదు. నువ్వు తెచ్చిపెట్టు, తెచ్చిన వారమే చదువుతాను."

"తెస్తాను ఎజె. అదెంత పని" అన్నాడు కుబాత్.

అది ఎంత పనో జనవరి అంతా తిరిగితే గానీ వాడికి తెలియలేదు. కోచ్కోర్ బజారుకు రెండుసార్లు వెళ్ళాడు, రాజధానికి ఒకసారి. ఫిబ్రవరి మొదట్లో మూడు పుస్తకాలు తెచ్చి బూరుల్ బల్ల మీద పెట్టి, దొంగతనం చేసినవాడిలా నిలబడ్డాడు. మొదటిదాంట్లో చీమల్లాంటి అక్షరాలు, ఒక్క బొమ్మ లేదు. రెండోదాంట్లో చక్కని బొమ్మలున్నాయి, కానీ అది టర్కీ భాష. మూడోది కిర్గిజే. మాట వినని పిల్లలు ఏమవుతారో మంటలతో సహా గీసి ఉంది.

బూరుల్ ఆ మూడోదాన్ని రెండు పేజీలు తిప్పింది. "ఇది చదివితే పదిహేడు మందీ వారం రోజులు పక్క తడుపుతారు. పరుపులు ఎవరు ఉతుకుతారు, నువ్వా?"

"మా వాడు మొదటి పేజీకే ఏడ్చాడు ఎజె" అని ఒప్పుకున్నాడు కుబాత్.

"అయితే మనమే ఒకటి రాద్దాం. కూర్చో."

"నేనా? నాకు పానా పట్టుకోవడం తప్ప ఏమొచ్చు?"

"చెప్పడానికి పానా ఎందుకురా? నువ్వు చెప్పు, నేను రాస్తాను. నీకు నీ కొడుకంత వయసప్పుడు అయిత్ నాడు పొద్దున ఏం జరిగింది?"

కుబాత్ పిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఆమె చిన్న చిన్న ప్రశ్నలు వేసింది. ఏం తొడుక్కున్నావు? మొదట ఎవరింటికి పోయావు? ఏ జేబులో దాచావు? ఆ తర్వాత నెమ్మదిగా అందుకున్నాడు. తాత టోపీ పెట్టుకున్నాననీ, అది కళ్ళ మీదికి జారుతుంటే గోడలకు గుద్దుకుంటూ నడిచాననీ చెప్పాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లో పిండి ముద్దలతో బోర్సోక్ వేయిస్తుంటే ఆ నూనె వాసన కాళ్ళు కదలనివ్వలేదన్నాడు.

"ఒక్క మా ఇంట్లోనే పొయ్యి చల్లగా ఉంది. పిండి లేదు. చచ్చిపోయినవాళ్ళకు పండగ నాడు ఆ వాసనే భోజనమట. తాతకు ఈ ఏడు ఏమీ అందదని నాయనమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు తలుపు దగ్గర చప్పుడైంది. నేను వెళ్ళి తీసేసరికి ఎవరూ లేరు. గుమ్మంలో గిన్నెడు పిండి, పైన గుడ్డ కప్పి ఉంది." కుబాత్ చేతుల వంక చూసుకున్నాడు. "అది మీరేనని నాకు ఎప్పట్నుంచో తెలుసు ఎజె."

బూరుల్ కలం ఆగిపోయింది. అవునంటే వాడి మనసు ఎంత మెత్తబడుతుందో ఆమెకు తెలుసు. గురువారాలన్నీ ఆ ఒక్క మాటతో తిరిగొస్తాయని కూడా తెలుసు.

"నేను కాదురా" అంది. "ఒట్టు. ఆ చలికాలం మా ఇంట్లోనూ బంగాళాదుంపలే. గిన్నెడు పిండి ఉంటే నేను కూడా ఇచ్చేదాన్నో లేదో, చెప్పలేను."

కుబాత్ తల ఎత్తాడు. "మీరు కాకపోతే మరి ఎవరు?"

"నాకేం తెలుసు? ఊళ్ళో ఎవరో ఒకరు. వాళ్ళు బతికే ఉన్నారేమో కూడా. నిన్న నువ్వు బ్రేకులు బాగుచేసి పంపినవాళ్ళే కావచ్చు."

కుబాత్ కిటికీ వైపు తిరిగాడు. దారి మీద ఒకామె ఆవును తోలుకుపోతోంది, ఇద్దరు ముసలాళ్ళు గుర్రం ధర గురించి కేకలేసుకుంటున్నారు. ప్రతి ఒక్కరినీ కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "రాయండి ఎజె. ఇంకా ఉంది" అన్నాడు.

కథ పన్నెండు పేజీలైంది. బొమ్మలు ఎవరు వేస్తారంటే, ఇంకెవరు, పిల్లలే. గోడలకు అంటించే కాగితం చుట్టలు తెచ్చి వెనక వైపు తిప్పి నేల మీద పరిచారు. అది అయిత్ పుస్తకం గనక, అందులో కుబాత్ చెయ్యి ఉంది గనక, పదిహేడు మందీ వచ్చారు. గుమ్మం దగ్గర బూట్ల రగడ మళ్ళీ మొదలైంది. సులేమాన్ ప్రతి పేజీలోనూ ఒక కారు గీశాడు. "అప్పట్లో మన ఊళ్ళో ఇన్ని కార్లు లేవురా" అని తండ్రి మొత్తుకున్నా వినలేదు. అసలు గొడవ పిండి తెచ్చిన మనిషి దగ్గర వచ్చింది. మా నాయనమ్మే అని ఐదాయ్, కాదు మా అమ్మమ్మే అని ఇంకొకడు, జుట్లు పట్టుకున్నారు. చివరికి బూరుల్ తీర్పు చెప్పింది: సగం తెరిచిన తలుపు, గిన్నె, వెళ్ళిపోతున్న రెండు బూట్లు. అంతే గియ్యాలి. ముఖం ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అనుకోవచ్చు.

మొదటిసారి చదవాల్సింది కుబాతేనని ఆమె పట్టుబట్టింది. ఇంజిన్లు ఒంటి చేత్తో లేపేవాడు పసిపిల్లల ముందు చెమటలు కక్కాడు. మొదటి పేజీ మింగేశాడు, రెండోది తలకిందులుగా పట్టుకున్నాడు. "నాన్నా, టోపీ గోడకు గుద్దుకున్నప్పుడు దబ్ మనాలి!" అని అరిచాడు సులేమాన్. కుబాత్ దబ్ మన్నాడు. పిల్లలు కిందపడి దొర్లారు. అక్కణ్ణుంచి వాడికి భయం పోయింది. ముసలి నాయనమ్మ గొంతు, ఆవు గొంతు, కాగే నూనె చిటపట కూడా చేశాడు. అయిపోగానే "మళ్ళీ!" అన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. ఉపవాసంలో ఉన్న మనిషి, గొంతు ఎండిపోయి నోరు పిడచకట్టుకుపోయినా నవ్వుతూనే ఉన్నాడు.

మార్చి మూడో వారం నూరుజ్ పుస్తకం చదివే రోజు వచ్చింది. బూరుల్ ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పదకొండు గంటలకు కుబాత్ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి గుమ్మంలో దిగబెట్టాడు. "గోధుమ పాయసమే కదా ఎజె" అని మాత్రం అని, వెనుదిరిగి చూడకుండా వెళ్ళాడు. అందరూ పంపలేదు. ఇద్దరు ఆగిపోయారు. పదిహేను మందికి చదివింది.

అయిత్ ముందు రోజు మధ్యాహ్నం బూరుల్ పిండి కలుపుదామని లేచి తలుపు తీసేసరికి గుమ్మంలో గిన్నె ఉంది. గుడ్డ తీసి చూస్తే పిండి. దాని వెనక ఇంకోటి, మెట్టు మీద మరోటి. మొత్తం ఏడు. ఒకటి టీ కప్పు, ఒకటి సులేమాన్ వాళ్ళ షెడ్డులో బోల్టులు పోసుకునే డబ్బా. ఆమె తెరిచిన నోరు ఇంకా మూయకముందే వీధి చివర గోల మొదలైంది.

"మా పిండి డబ్బా ఖాళీ చేసిందెవరు?" అని ఐదాయ్ తల్లి.

"మా గుమ్మంలో ఎవరిదో గిన్నె ఉంది, మా గిన్నె లేదు!" అని ఎదురింటామె.

పిల్లలు గోడల పక్కన నక్కి, నోటికి చేతులడ్డం పెట్టుకుని, బూట్లు మాత్రం కనిపించేలా పరుగులు తీస్తున్నారు. ఊళ్ళో సగం పిండి మిగతా సగం ఇళ్ళకు మారిపోయింది. ఎవరి గిన్నె ఎవరిదో తేల్చుకోవడానికి ఆడవాళ్ళందరూ బూరుల్ ముంగిట్లోకే వచ్చారు, ఇదంతా ఆమె గురువారాల పుణ్యమే గనక. తిట్టడానికి వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వలేక చచ్చారు. పిండి ఎలాగూ కలిసిపోయింది, ఇక్కడే వేయిద్దామని ఎవరో అన్నారు. ఎసెన్ పెద్ద గుండిగ దించి పొయ్యి రాజేశాడు.

"రెండు బస్తాలు ఉంటాయి. ముప్పై ఏళ్ళకు వచ్చింది నా పిండి" అన్నాడు.

కుబాత్ బోల్టుల డబ్బా వెతుక్కుంటూ వచ్చాడు. జల్లెడ పడుతున్న బూరుల్ చేతిలోంచి జల్లెడ తీసుకుని, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఇందులో ఇనప రజను ఉండి ఉంటుంది ఎజె, నన్ను పట్టనివ్వండి."

"పట్టు. పనిలో పని, డిసెంబరు మాట కూడా తేల్చు."

కుబాత్ జల్లెడ ఆపలేదు. "మంచుతాత మాత్రం వద్దు ఎజె. ఆ వారం మావాడు షెడ్డులో నాతో ఉంటాడు."

"ఆ తర్వాతి వారం?"

"ఆ తర్వాతి వారం మీ దగ్గరే. వద్దన్నా ఆగడు."

"సరేలే" అంది బూరుల్. పిండిలో నీళ్ళు పోసి, చేతులు మోచేతుల దాకా ముంచి, పిసకడం మొదలుపెట్టింది.